మిమ్మల్ని ఏమని పిలవాలి?

హరిజన, దళిత, మాదిగ. వికలాంగ, దివ్యాంగ. పనిమనిషి, హెల్పర్. వందేళ్లకు పైగా తెలుగు నేల మీద మనుషులను పిలిచే మాటలు మారుతూనే ఉన్నాయి. ఆ మార్పు ఎవరు తెచ్చారు? దాని వల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఉస్మానియా చుట్టుపక్కల నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

హైదరాబాద్‌లోని వారాసిగూడ గల్లీల్లో టు-లెట్ బోర్డులకు ఏ కాలంలోనూ కొదవ ఉండదు. ఒకపక్క సీతాఫల్‌మండి, ఇంకోపక్క ఉస్మానియా క్యాంపస్, కాస్త అవతలికి పోతే తార్నాక. పీజీ, పీహెచ్‌డీ చదివే పిల్లలు, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు, రైల్వే ఉద్యోగులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు అందరూ ఇక్కడే గది వెతుక్కుంటారు. ఆ బోర్డుల మీద కులం పేరు ఉండదు. 'ఓన్లీ వెజిటేరియన్స్' అని ఉంటుంది. గేటు దగ్గరికొచ్చిన ఓనర్ కూడా కులం అడగడు. ఏ ఊరు, ఇంటిపేరేంది, ఏం తింటరు అని అడుగుతాడు. ఆ మూడు జవాబులతో ఆయనకు కావాల్సింది తెలిసిపోతుంది. 'పొద్దున్నే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చిపోయిండ్రు బాబూ' అని సౌమ్యంగా చెప్పి గేటు వేసుకుంటాడు. ఆయన అన్న మాటల్లో తప్పుబట్టడానికి ఏమీ లేదు. గది మాత్రం దొరకదు.

'పొలిటికల్ కరెక్ట్‌నెస్' గురించి రాయాలంటే నేను ఈ గేటు దగ్గరే మొదలుపెడతాను. మనిషిని కించపరిచే మాటను వదిలి, గౌరవించే మాటను పట్టుకోవాలన్న పట్టుదలకు లోకం పెట్టిన పేరది. ఆ పట్టుదల అవసరమని నమ్మేవాళ్లలో నేనూ ఒకణ్ని. మాట మారగానే పని అయిపోయిందనుకుంటే మాత్రం ఈ గేటు దాటి లోపలికి పోలేం.

అమెరికాలో 1970ల నాటి వామపక్షాలు, స్త్రీవాద బృందాలు ఈ మాటను తమలో తామే వాడుకునేవి. 1990 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీని మీద పెద్ద వ్యాసం వేసింది. 1991 మే 4న మిషిగన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో అధ్యక్షుడు జార్జ్ బుష్ దీన్ని భావప్రకటన స్వేచ్ఛకు ముప్పుగా వర్ణించాడు. అప్పటి నుంచి అది ఎదుటివాళ్లను వెక్కిరించే మాటగా మిగిలిపోయింది. మన టీవీ చర్చల్లోనూ ఇది అమెరికా క్యాంపస్‌ల నుంచి దిగుమతైన జబ్బు అంటుంటారు. ఆ వాదనకు జవాబు 1917 నాటి బెజవాడలో ఉంది.

ఆది ఆంధ్రులు

1917 నవంబరులో బెజవాడలో ఒక మహాసభ జరిగింది. పిలుపులో దాని పేరు పంచమ మహాసభ. అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి వెళ్లినవాడు భాగ్యరెడ్డి వర్మ. 1888లో ఈ నగరంలోనే మాదరి భాగయ్యగా పుట్టి, 1906 నాటికే జగన్మిత్ర మండలి పెట్టినవాడు. వేదిక ఎక్కగానే ఆయన తేల్చిన మొదటి విషయం సభ పేరు. నాలుగు వర్ణాల అవతల అయిదోవాళ్లం అని ఒప్పుకుంటూ మనమే సభ పెట్టుకోవడమేమిటని నిలదీశాడు. ఈ నేల మీద ముందు నుంచీ ఉన్నది మనమే కాబట్టి మనం ఆది ఆంధ్రులం అన్నాడు. సభ ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆది హిందూ అన్న పేరును నమోదు చేసింది.

సరిగ్గా ఆ 1917లోనే నిజాం ప్రభుత్వం హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పింది. మరుసటి ఏడాది మొదలు కాబోయే ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలో చెప్పాలంటే వేల కొత్త మాటలు కావాలి. పండితులు కూర్చుని వాటిని తయారు చేశారు. మాటలు ఆకాశం నుంచి ఊడిపడవని, మనుషులు కూర్చుని చర్చించి తయారు చేసుకుంటారని ఈ క్యాంపస్ పుట్టుకకు ముందే రుజువైంది. పండితులు కూర్చుని చేసిన ఆ పనిని ఎవరూ జబ్బు అనలేదు. అణగారినవాళ్లు కూర్చుని చేసినప్పుడే అది అతి అనిపిస్తుంది.

ఆ తరవాత ఇంకో పేరు వచ్చింది. 1932లో గాంధీజీ 'హరిజన' అన్న మాటను ఎత్తుకున్నారు, 1933లో ఆ పేరుతో పత్రిక పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పేరు ఎవరి కోసమో వాళ్లందరూ దాన్ని ఒప్పుకోలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట పెట్టినప్పుడు అంబేడ్కర్ తీవ్రంగా అభ్యంతరం చెప్పి, తన పార్టీ సభ్యులతో కలిసి బయటికి నడిచారు. మన ఊళ్లలో మాత్రం ఆ పేరు బడి రిజిస్టర్లకెక్కింది, వాడల పేర్లకు అతుక్కుంది. ఊరి బయట వాడ ఊరి బయటే ఉండటంతో, పాత పేరుకు అంటిన చులకన కొన్నేళ్లకే కొత్త పేరుకూ అంటింది. మనిషి స్థితి మారనప్పుడు ఏ మర్యాద పదమైనా చివరికి తిట్టుగానే మారుతుందని స్టీవెన్ పింకర్ అనే భాషావేత్త 1994లో సిద్ధాంతీకరించాడు. మన హరిజనవాడల్లో ఆ సంగతి అంతకు ఎంతో ముందే తెలుసు. 1982లో కేంద్ర హోం శాఖ కుల ధ్రువపత్రాల మీద 'హరిజన' రాయవద్దని రాష్ట్రాలకు చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు, ఆ మాటను ఈ రోజుల్లో అవమానించడానికే వాడుతున్నారని తీర్పులో రాసింది. దేవుడి పేరుతో పెట్టిన మాట 85 ఏళ్లలో నేరం దాకా వచ్చింది.

'దళిత' దారి వేరు. అది 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ నోట మండింది. మన దగ్గర 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపాక, కత్తి పద్మారావు, బొజ్జా తారకం నిలబెట్టిన దళిత మహాసభతో ఊరూరికీ చేరింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపాక ఆ మాట ఇంకా గట్టిపడింది. దెబ్బ తిన్నవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు అది. 2018లో కేంద్ర సమాచార శాఖ ఆ మాట వాడొద్దని టీవీ చానళ్లకు సూచన పంపింది. రాజ్యాంగంలోని పేరు షెడ్యూల్డు కులాలు అన్నది నిజమే. కానీ తనను తాను ఏమని పిలుచుకోవాలో ఒక మనిషికి ఢిల్లీ నుంచి చెప్పాల్సిన అవసరం ఏముంది? ఆ సూచన తరవాతా జనం నోట ఆ మాట ఆగలేదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది 1994 జులై 7. ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం కొత్త మాటను వెతకలేదు. వందల ఏళ్లుగా తిట్టుగా వాడిన కులం పేరునే ఎత్తుకుని తమ పేరు చివర పెట్టుకుంది. మంద కృష్ణ మాదిగ అన్న పేరు పేపర్లలో అచ్చవుతుంటే, అప్పటిదాకా హాస్టళ్లలో కులం దాచుకున్న పిల్లలు బయటికి చెప్పుకోవడం మొదలుపెట్టారు. శర్మ, రెడ్డి, చౌదరి అన్న తోకలు పేరుకు అందమైనప్పుడు మాదిగ ఎందుకు కాకూడదన్నది వాళ్ల ప్రశ్న. మాట మార్చలేదు, మాట బరువు మార్చారు. దాంతో ఆగలేదు కూడా, రిజర్వేషన్లలో ఎస్సీ కులాలను వర్గీకరించాలని పోరాడారు. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణకు సుప్రీంకోర్టు దారి తెరిచింది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. ముప్పయ్యేళ్ల పోరాటానికి మొదటి మెట్టు పేరు చివరి ఒక్క మాట.

మనోభావాలు, ఆత్మగౌరవం

తెలుగు మీడియాకు ఇష్టమైన మాట ఒకటుంది, 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అని. సినిమా టైటిల్ మీద, పాటలో పదం మీద, పుస్తకం అట్ట మీద ఏడాదికి ఎన్నోసార్లు దెబ్బతింటుంటాయి. దానికి ఎదురుగా ఇంకో మాట ఉంది, ఆత్మగౌరవం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే సరైన మాటల చర్చ మన దగ్గర దారి తప్పుతోంది. మనోభావం దెబ్బతిన్నవాడికి కోపం వస్తుంది. ఆత్మగౌరవం దెబ్బతిన్నవాడికి గది దొరకదు, పెళ్లి కుదరదు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోరు.

ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించిన కంచ ఐలయ్య పుస్తకం చుట్టూ 2017లో రేగిన గొడవ గుర్తుంది కదా. 2009లో ఇంగ్లిష్‌లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా' అధ్యాయాలు తెలుగులో చిన్న పుస్తకాలుగా వచ్చాయి. ఒకదాని అట్ట మీద వ్యాపార కులం పేరు పక్కన 'సామాజిక స్మగ్లర్లు' అన్న మాట ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ధర్నాలు, బెదిరింపులు. నిషేధించాలన్న పిటిషన్‌ను ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు సరైనదే. ఒక రచయిత వాదన మీద కోపం వస్తే ఇంకో పుస్తకం రాయాలి. అయినా ఆ శీర్షిక నాకు నచ్చదు. ఒక కులం చరిత్ర మీద చేసిన విమర్శ, చిన్న కిరాణా కొట్టు నడుపుకునేవాడి కూతురికి తరగతి గదిలో వెక్కిరింత కాకూడదు. పెద్దవాళ్లను ప్రశ్నించే మాటకూ పిల్లలను నొప్పించే మాటకూ తేడా కనిపెట్టడం రచయిత బాధ్యత. దాన్ని కోర్టు నేర్పలేదు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీ బ్రాహ్మణులను కించపరిచే కొన్ని పిలుపులు వాడితే చర్యలు తప్పవని ఉత్తర్వు ఇచ్చింది. ఆ పిలుపులను ఇక్కడ రాయను, తెలుగు చదివేవాళ్లందరికీ తెలుసు. బీసీ కులాల జాబితాలో పిచ్చిగుంట్ల పక్కన వంశరాజ్ చేరింది కూడా ఆ కులస్థులు అడిగితేనే. ఇలాంటివి చూసి నవ్వేవాళ్లుంటారు. క్షౌరం చేసే మనిషి మీద, బట్టలుతికే మనిషి మీద ఎన్ని సామెతలున్నాయో తెలిస్తే నవ్వు రాదు. సామెతల సంకలనం ఏది తెరిచినా పని చేసే కులాల మీద, ఆడవాళ్ల మీద, చూపులేనివాళ్ల మీద పేజీలకు పేజీలు కనిపిస్తాయి. వాటిని తగలబెట్టమని అనను, అవి మన చరిత్రకు సాక్ష్యం. నోటికి అలవాటుగా వచ్చినప్పుడు మాత్రం ఎదురుగా ఎవరున్నారో చూసుకోవాలి.

వైకల్యం విషయంలో పేరు పై నుంచి దిగింది. 2015 డిసెంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో 'దివ్యాంగ్' అన్నారు, 2016లో అది కేంద్ర శాఖ పేరులోకి ఎక్కింది. మాకు దివ్యత్వం అక్కర్లేదు, ర్యాంపు కావాలని వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆంధ్రప్రదేశ్‌లో 'విభిన్న ప్రతిభావంతులు' అన్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పేరు కూడా 2016లో మేధోపరమైన వైకల్యం ఉన్న వ్యక్తుల సాధికారత సంస్థగా మారింది. ఈ చివరి మార్పు మంచిదే, ఆ పాత పేరులోని మాట పిల్లల మధ్య తిట్టైపోయింది. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం అదే 2016 చట్టం. గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది, నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు అంది.

ఒక మాట కోర్టులో ఏం చేసింది

మాటదేముంది, మనసు మంచిదైతే చాలు అనేవాళ్లకు నల్లకుంట గుర్తు చేయాలి. వారాసిగూడకు ఎంతో దూరం లేదు. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం యువతిపై పోలీసులు అత్యాచారం చేశారు, అడ్డొచ్చిన భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. పోలీసుల తరఫు వాదనంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది, ఆమె 'అలాంటిది' అని. 1981లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆమె పేరు నేను రాయడం లేదు. అప్పటి పత్రికలు ఆమె పేరును, ఆ మాటను కలిపి చాలాసార్లు అచ్చేశాయి.

ఆ ఘోరం జరిగిన 1978లోనే హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన పుట్టింది. ఉస్మానియాలో చదివిన, బోధించిన ఆడవాళ్లు చాలామంది అందులో ఉన్నారు. వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ల అనుభవాలను వాళ్ల నోటి మాటల్లోనే అచ్చు వేసింది. పత్రికల్లో 'మానభంగం', 'చెరిచాడు', 'పాడు చేశాడు' అన్న మాటలు వెనక్కి పోయి 'అత్యాచారం', 'లైంగిక దాడి' రావడం వెనక ఆ తరం ఆడవాళ్ల పట్టుదల ఉంది. పోయింది ఆడదాని మానం అనడం మానేసి, జరిగింది మగవాడి దాడి అని చెప్పడం మొదలైంది. ఆ ఒక్క మార్పుతో నేరం ఎవరిదో వాక్యంలోనే తెలిసింది. సరైన మాట వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే జవాబు ఇదే.

అన్నీ అలా మారలేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. అయినా భర్త పోయిన ఆడమనిషిని పిలిచే మాట మగవాళ్లకు తిట్టై, ఇప్పటికీ ఇంటింటా రోజూ వినిపిస్తోంది. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీ నాటి నపుంసకుల చట్టం అంతకంటే ఘోరం. చీర కట్టుకుని వీధిలో కనిపించారన్న కారణంతో వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చంది. 1919 నాటి ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. శతాబ్దం పాటు చట్టం పేరే తిట్టుగా ఉంటే, వీధిలో కుర్రాళ్ల నోరు ఎలా ఉంటుంది? ఆ మనుషులు ఇవాళ 'ట్రాన్స్‌జెండర్' అన్న ఇంగ్లిష్ మాటనే కోరుకోవడంలో వింత లేదు.

తార్నాక అపార్ట్‌మెంట్లలో అలాగే పనిమనిషి 'మెయిడ్' అయింది. నెలసరి 'పీరియడ్స్', చావు 'ఎక్స్‌పైర్' అయ్యాయి. ఇంగ్లిష్ మాటకు మన ఊరి జ్ఞాపకం లేదు కాబట్టి గుచ్చుకోదు. కానీ ఇలాగే పోతే మర్యాదకు ఇంగ్లిష్, తిట్టడానికి తెలుగు మిగులుతాయి. అది నాకు భయం కలిగిస్తోంది. నోరున్న భాషకు గౌరవించే మాటలు పుట్టించుకునే శక్తి కూడా ఉండాలి.

క్రియ చివర

అసలు తెలుగులో అగౌరవం నామవాచకంలో ఉండేది కొంతే. మిగతాదంతా సర్వనామంలో, క్రియ చివర కూర్చుని ఉంటుంది. వాడు, అతను, ఆయన. అది, ఆమె, ఆవిడ. రా, రండి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మగవాళ్లను మహత్తులన్నాడు, ఆడవాళ్లను ఏకవచనంలో పశువులతో, రాళ్లతో కలిపి అమహత్తుల్లో చేర్చాడు. ఆయన కల్పించిందేం కాదు, భాష అలాగే ఉంది. ఇవాళ్టికీ 'బస్సు వచ్చింది', 'కుక్క వచ్చింది', 'లక్ష్మి వచ్చింది' అనే అంటాం. లక్ష్మి డాక్టరైతే 'వచ్చారు' అంటాం, ఇల్లు తుడవడానికొస్తే 'వచ్చింది' అంటాం. వ్యాకరణం ఇచ్చిన వెసులుబాటును ఎవరికి వాడాలో మన అంతస్తు నిర్ణయిస్తోంది.

అందుకే పేర్లు మార్చిన ఉత్తర్వులు సగంలోనే ఆగిపోతాయి. రిజిస్టర్‌లో పారిశుధ్య కార్మికుడు, వీధిలో 'ఏరా ఇటు రా'. ఇంటి పనికొచ్చే అరవై ఏళ్ల ఆవిడను పదేళ్ల పిల్లాడు 'నువ్వు' అంటాడు, ఆ పిల్లాణ్ని ఆమె 'బాబుగారు' అంటుంది. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టాడు. ఆయన అడిగింది ఆ పనికి గౌరవమైన పేరు కాదు. చేత్తో మలం ఎత్తే పనే ఉండకూడదన్నాడు. 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి నిషేధ చట్టాలు వచ్చాయి. మ్యాన్‌హోళ్లలో దిగి కార్మికులు ఊపిరాడక చనిపోతున్నారన్న వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

భాషకు గౌరవం ఎప్పుడొస్తుందో తెలంగాణవాళ్లకు అనుభవమే. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ యాస రౌడీది, జోకర్‌ది. ఉస్మానియా క్లాసుల్లో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు నోరు విప్పితే నవ్వేవాళ్లుండేవారు. యాసను వెక్కిరించొద్దని సెన్సార్ బోర్డు ఉత్తర్వు ఏదీ తేలేదు. 1969లో, మళ్లీ 2009లో ఈ క్యాంపస్ రోడ్డెక్కింది, 2014లో రాష్ట్రం వచ్చింది. 2017లో 'ఫిదా' హీరోయిన్, 2023లో 'బలగం' ఊరు ఊరంతా అదే యాసలో మాట్లాడితే రెండు రాష్ట్రాల జనం టికెట్ కొని చూశారు. బలం వచ్చింది, గౌరవం దాని వెంట వచ్చింది.

సరైన మాటల పేరుతో ఒక అన్యాయం కూడా జరుగుతోంది, అదీ చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి క్యాంపస్‌కు వచ్చిన పిల్లాడు సెమినార్‌లో ఊళ్లో విన్న మాటే వాడతాడు. చాలాసార్లు అది తన కులం పేరే, తన తల్లి చేసే పని పేరే. ఇంగ్లిష్‌లో కొత్త మాటలు నేర్చినవాళ్లు వాణ్ని అందరి ముందూ సరిదిద్దితే వాడు మళ్లీ నోరు విప్పడు. అణగారినవాళ్ల కోసం పుట్టిన మర్యాద, వాళ్ల పిల్లల నోరే మూయించడం నేను ఒప్పుకోను. సరిదిద్దాలంటే పక్కకు పిలిచి చెప్పొచ్చు. ముందు వాడు చెప్పేది పూర్తిగా వినాలి.

ఇటీవల తెలంగాణ బీసీ కమిషన్ ముందుకు కూడా కొన్ని కులాల నుంచి తమ పేరు మార్చమన్న విన్నపాలు వచ్చాయి. కమిషన్ సభ్యులారా, వాళ్లు కోరిన పేరే రాయండి, అంతకంటే గొప్ప పేరు మీరు వెతకొద్దు. న్యూస్ డెస్కుల్లో ఉన్న మిత్రులారా, మంత్రి 'అన్నారు', కూలీ 'అన్నాడు' అని ఒకే పేజీలో రాయడం ఇకనైనా మానండి. వారాసిగూడలో, తార్నాకలో, ఏ ఊళ్లోనైనా ఈ పత్రిక చదువుతున్న మీకూ ఒక విన్నపం. రేపు పొద్దున మీ ఇంటికి పనికొచ్చే ఆవిడను 'మీరు' అనండి, మీ పిల్లలతోనూ అనిపించండి.